గర్భస్థశిశువు గుండె

పుట్టు వేయిమంది శిశువులలో సుమారు 8 మందికి గుండెలోపముండును. గర్భిణికి 18 మొదలు 22 వారముల నడుమ స్కానింగు జరిపినచో వీనిలో పెక్కు ముందే తెలియును. మేనరికమునందును, తల్లికి మధుమేహమున్నచోటను ఈ పరీక్ష మరింత యావశ్యకము. మన సీమలో మేనరికములకు కొదువయా? బిడ్డ ఆడయో మగయో చెప్పుట 1994 నాటి చట్టముచే నిషిద్ధము. గుండె సంగతి చెప్పుట నిషిద్ధము గాదు.

గర్భములో తెరచియుండిన యొక రక్తనాళము పుట్టిన కొలదిదినములకే మూసికొనును. కొన్ని లోపములందు దానితో శిశువు నీలివర్ణము దాల్చును. అప్పుడు ఆళ్లగడ్డనుండి కర్నూలునకు పరుగిడుటకంటె, ముందే యెరిగి తగిన యాసుపత్రిలో ప్రసవించుట మేలుగదా! 2023లో నంద్యాలకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. ప్రతినెల 9వ తేదీన గర్భిణులను పరీక్షించువారు వారముల లెక్క చూచి, అనుమానమున్నవారిని అచ్చటికి పంపవలెను. అచ్చట ఈ పరీక్ష ప్రతివారము తప్పక జరుగునట్లు ప్రభుత్వము చూడవలెను.