చెడుగుడు పోటీలు ఎప్పుడు పెట్టాలి?

పోయిన నెల ఈ గోడపత్రికలో ఏడో తరగతి చెల్లెలు ఒకామె మన ఊరి ఆటలు చచ్చిపోతున్నాయనీ, దానికి క్రికెట్టే కారణమనీ రాసింది. గుండ్రటి అక్షరాలతో, పక్కన బొమ్మ కూడా వేసి చాలా బాగా రాసింది. కానీ ఆమె చెప్పిన కారణం నాకు సరిగా తోచలేదు. నేను మూడేళ్ళుగా మన స్కూలు కబడ్డీ టీములో ఆడుతున్నాను కాబట్టి నా అభిప్రాయం నేనూ రాస్తున్నాను. తప్పులుంటే తెలుగు మేడం గారు దిద్దుతారు, మిగతావాళ్ళు క్షమించాలి.

అసలు చెడుగుడు చావలేదు. మనం చెడుగుడు అనేదాన్నే మహారాష్ట్రలో హుతుతు అనీ, బెంగాల్లో హడుడు అనీ అంటారట. బంగ్లాదేశ్‌కి అది జాతీయ క్రీడ. ఆసియా క్రీడల్లో మగవాళ్ళ కబడ్డీని 1990లో బీజింగ్‌లో, ఆడవాళ్ళ కబడ్డీని 2010లో గ్వాంగ్‌జౌలో చేర్చారు. 2018లో జకార్తాలో మన ఆడవాళ్ళు ఫైనల్లో ఇరాన్ చేతిలో ఓడిపోయారు. ఆ ఇరాన్ అమ్మాయిలకు ఆట నేర్పింది మన దేశం ఆవిడే, శైలజా జైన్ గారు. ఇది విన్నప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 2023 అక్టోబరులో హాంగ్‌జౌలో బంగారు పతకం మళ్ళీ మనకే వచ్చింది. చైనీస్ తైపీ మీద 26-25, ఒక్కటే పాయింటు తేడా. ఆ క్రీడల్లో ఇండియాకు అది నూరో పతకం. 2025 జనవరిలో ఢిల్లీలో ఖో-ఖోకి మొట్టమొదటి ప్రపంచ కప్పు పెడితే ఆడవాళ్ళదీ మగవాళ్ళదీ రెండూ మనవాళ్ళే గెలిచారు. 2025 నవంబరులో ఢాకాలో ఆడవాళ్ళ కబడ్డీ ప్రపంచ కప్పూ మనదే. టీవీలో 2014 నుంచి ప్రో కబడ్డీ వస్తోంది, తెలుగు టైటాన్స్ అంటే ఐదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. ఇంత ఉన్న ఆట చచ్చిపోతోందని ఎలా అంటాం?

ఆట ఆగిపోతున్నది మన దగ్గర, అదీ తేదీల వల్ల. అదెలాగో చెబుతాను.

2024లో నేను ఎనిమిదో తరగతి. మా టీములో ఒక రైడరు ఉంది, పేరు రాయొద్దంది. కూతకు వెళితే ఊరికే తిరిగి రాదు, ఒకర్నన్నా కొట్టి వస్తుంది. ఆ ఏడాది దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన మూడో రోజునే అండర్-14 సెలక్షన్లు పెట్టారు. ఎవరు పెట్టారన్నది ఇక్కడ అనవసరం. ఆ కబురు మాకు తెలిసిందే బడి తెరిచాక. అప్పటికి ఆ అమ్మాయీ ఇంకో ఇద్దరూ ఇళ్ళ నుంచి రాలేదు. ఎప్పుడూ బరిలోకి దిగని ఆరో తరగతి పిల్లల్ని కలుపుకుని ఏడుగురం అయ్యాం. మొదటి మ్యాచీలోనే ఓడిపోయి మధ్యాహ్నం బస్సుకి తిరిగి వచ్చేశాం. ఎవరూ మాట్లాడలేదు.

రానివాళ్ళని అందరూ తిట్టారు. నేను కూడా తిట్టాను. నేను యానాదుల పిల్లనై ఉండి కూడా ఆలోచించకుండా తిట్టాను, అందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. దసరా రోజుల్లో ఈ డెల్టాలో వరి పొట్ట మీద ఉంటుంది. చేలల్లో ఎలకలు పడేది అప్పుడే. రైతులు మా వాళ్ళని పిలిచి ఎలకల బుట్టలు పెట్టించేదీ అప్పుడే. ఎలక్కి ఇంత అని లెక్క. అమ్మానాన్నలు తెల్లారకముందే గట్ల మీదికి వెళితే చంటిపిల్లల్ని చూడ్డానికి ఇంట్లో పెద్దపిల్ల ఉండాలి. మా రైడరు తమ్ముణ్ణి చంకనేసుకుని నాగాయలంక అవతల ఒక చేను దగ్గర పాకలో ఉంది. వాళ్ళ నాన్న ఫోనుకి రీచార్జి అయిపోయి, ఇక్కణ్ణించి చేసినా పోలేదు. ఆరు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ డిసెంబరుతో దాని అండర్-14 వయసు దాటిపోయింది. అండర్-17లో పెద్ద అక్కల మధ్య చోటు దొరకడం ఎంత కష్టమో ఆడేవాళ్ళకు తెలుసు.

ఇంక వాన సంగతి. జూన్, జూలైల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవలకు నీళ్ళు వదిలితే నాట్లు పడతాయి. ఆగస్టు, సెప్టెంబరు వానలకు మన గ్రౌండులో నల్లమట్టి కాలికి అంటుకుని చెప్పులే ఊడిపోతాయి, ఇంక గీత గీసేది ఎక్కడ? 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్ళన్నీ నీళ్ళల్లో ఉన్నాయి. నవంబరు వస్తే తుపానుల భయం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సంగతి మన ఇళ్ళల్లో ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. స్కూలు పోటీలన్నీ సరిగ్గా ఈ నెలల్లోనే. సంక్రాంతి దాటాక నేల గట్టిపడి, ఎండ ముదరక, కోతలు అయిపోయి, మినుము తీతలు ఇంకా మొదలవక హాయిగా ఉండే రోజుల్లో మనకు ఒక్క మ్యాచీ ఉండదు. పండక్కి ఊళ్ళల్లో రాత్రిళ్ళు లైట్లు కట్టి కబడ్డీ పెడతారు. అది మగవాళ్ళకి. మనం గట్టు మీద కూచుని చూడాలి. ప్రో కబడ్డీ వాళ్ళు కూడా ఆడవాళ్ళకు 2016లో ఒక్కసారి మూడు జట్లతో పెట్టి, మళ్ళీ పెట్టలేదు.

ఈ మాట మా పి.ఇ.టి. మేడం గారితో అంటే ఆవిడ ఒప్పుకోలేదు. పైన జాతీయ పోటీల తేదీ ముందే ఖాయమవుతుంది, దానికి ముందు రాష్ట్రం, దానికి ముందు జిల్లా, దానికి ముందు మండలం జరగాలి, మన డెల్టా కోసం దేశమంతా ఆగుతుందా అన్నారు. మార్చిలో పదో తరగతి పరీక్షలు, జనవరి నుంచి స్టడీ అవర్లు అని కూడా అన్నారు. రెండూ నిజమే. నేను రాత్రంతా ఆలోచించినా సరైన జవాబు దొరకలేదు.

తరవాత సోషల్ మేడం గారు ఐర్లండ్ గురించి చెప్పారు. అది మన ఆంధ్రాలో సగం కూడా ఉండని దేశం. వాళ్ళ సొంత ఆటలు గేలిక్ ఫుట్‌బాల్, ఇంకా కర్రతో ఆడే హర్లింగ్. 1884లో థర్లెస్ అనే ఊళ్ళో ఆ ఆటల కోసం సంఘం పెట్టుకున్నారు. ఆడేవాళ్ళకు జీతం ఉండదు, ఎవరి ఊరి క్లబ్బుకి వాళ్ళు ఆడతారు. బాగా ఆడితే వాళ్ళ కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, ఆడతారు. మనిషి ఒకడే, పిలుపులు రెండు. అందుకని ఊరి మ్యాచీలు ఎప్పుడూ వాయిదా పడేవట. 2022 నుంచి ఏడాదిని రెండుగా విడగొట్టారు. జూలై దాకా కౌంటీ పోటీలు, ఆ తరవాత ఊరి క్లబ్బులవి. దాని మీద కూడా అక్కడ తగువు ఉంది. సెప్టెంబరులో జరిగే పెద్ద ఫైనల్ జూలైకి వచ్చేసరికి ఆ తరవాత కౌంటీ మ్యాచీలు కనపడక పిల్లలకు ఆట మీద మనసు పోతుందని కొందరి వాదన. వాళ్ళూ మనలాగే తేదీల కోసం కొట్టుకుంటున్నారని వింటే ధైర్యం వచ్చింది.

నా ఆలోచన ఇది. పై పోటీల తేదీలు మనం మార్చలేం. కానీ జనవరి, ఫిబ్రవరి మనవి చేసుకోవచ్చు. ఆరు నుంచి తొమ్మిది తరగతుల దాకా, పదో తరగతి అక్కల్ని వదిలేసి, మన స్కూలూ పక్క హాస్టళ్ళూ హైస్కూళ్ళూ కలిసి ఆదివారం సాయంత్రాలు ఆడాలి. ఒక్కసారి ఓడితే ఇంటికి పొమ్మనకుండా, ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడాలి. ఆ ఆటలు చూసి పేర్లు రాసి పెట్టుకుంటే, వచ్చే ఏడాది సెలక్షన్ల రోజు ఎవరైనా చేను దగ్గర ఉండిపోయినా ఆ పిల్ల సంగతి మేడం గారు గట్టిగా చెప్పగలరు. సెలవుల ముందే తేదీ తెలిస్తే ఇంకా మంచిది. ఒక చీటీ రాసి ఇస్తే అమ్మావాళ్ళు ఎవరో ఒకరి చేత చదివించుకుంటారు.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. విల్లు మన పెద్దవాళ్ళది, ఏకలవ్యుడి పేరు మన పిల్లల బళ్ళకే పెట్టారు. కానీ మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ గారు 2023లో హాంగ్‌జౌలో మూడు బంగారు పతకాలు తెచ్చిన కాంపౌండు విల్లు లాంటిది కొనాలంటే లక్షలు కావాలి. చెడుగుడుకి ఏమీ అక్కర్లేదు అంటారు. మట్టి మీద అయితే నిజమే. పై పోటీలు మ్యాటు మీద పెడతారు. ఉత్త కాళ్ళతో మట్టిలో నేర్చుకుని మ్యాటు ఎక్కితే మోకాళ్ళు చీరుకుపోతాయి, నా ఎడమ మోకాలు చూస్తే తెలుస్తుంది. మ్యాటు మనం కొనలేం. ఏడు జతల బూట్లయినా ఉంటే మార్చుకుని వేసుకుంటాం.

క్రికెట్ మీద నాకు కోపం లేదు, ఆదివారం నేనూ చెక్కముక్కతో ఆడతాను. ఏడో తరగతి చెల్లెలు ఏమీ అనుకోకూడదు. ఆమె పొడుగ్గా ఉంటుంది, పట్టు బాగా పడుతుందని విన్నాను. కబడ్డీకి పేరు ఇవ్వాలనుకున్నవాళ్ళు తరగతి, వయసు, ఇంటి ఊరు రాసి సంక్రాంతి సెలవులకు ముందే తొమ్మిదో తరగతి లీడరుకి ఇవ్వండి. దసరాకి మీవాళ్ళు ఏ చేలకు వెళతారో కూడా రాయండి.

— తొమ్మిదో తరగతి, కబడ్డీ టీము