చెవులు మావి కావా?

వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలన్నారు పెద్దలు. ఇంట్లో పిల్లకి సంబంధం చూసేటప్పుడు ఈ మాట వందసార్లు వల్లించే మగమహారాజులు, పాత స్పీకర్లకి స్టీరియో రిసీవరు చూసేటప్పుడు మాత్రం దాన్ని శుభ్రంగా మరిచిపోతారు. "ఎన్ని వాట్లు?" - అదొక్కటే ప్రశ్న. పెళ్ళికొడుకు ఎన్ని కిలోలున్నాడో కనుక్కుని ముహూర్తం పెట్టించినట్టు!

ఈ రోజుల్లో రిసీవర్ల గోల ఎవరికండీ అంటారా? అమెరికాలో అన్నదమ్ములో, అక్కచెల్లెళ్ళో ఉన్నవాళ్ళని అడగండి. రేడియో, ఆంప్లిఫయరు ఒకే పెట్టెలో ఉంటే దాన్ని రిసీవరంటారు. 1970లలో అమ్ముడైన వెండిరంగు రిసీవర్ల మీద ఇప్పుడు మళ్ళీ మోజు పుట్టింది. చేతిలో ఫోను పాడుతూనే ఉన్నా, ఆ పాత పెట్టెల కోసం వందల డాలర్లు పోస్తున్నారు. పొయ్యనివ్వండి. పాత వస్తువు మీద ప్రేమ తప్పేం కాదు. నా తగాదా ఆ ప్రేమతో కాదు, ఎంపిక జరిగే తీరుతో.

ముందు ఈ వాట్ల సంగతి చూద్దాం. ఒకప్పుడు అమెరికాలో ఏ కంపెనీ ఇష్టం వచ్చినట్టు ఆ కంపెనీ వాట్లు లెక్క కట్టుకునేది. క్షణకాలం ఎగిసిన శక్తిని కూడా పెద్ద అంకెలుగా అచ్చువేసేవారు. 1974లో ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన పెట్టింది - నిలకడగా ఇవ్వగలిగిన శక్తినే చెప్పాలి, ఎన్ని ఓముల దగ్గర, ఎంత వక్రతతో అన్నది కూడా చెప్పాలి అని. అబద్ధాలు తగ్గాయిగాని పంతాలు పెరిగాయి. 1976లో పయనీర్ ఎస్‌ఎక్స్-1250 ఒక్కో ఛానెలుకి 160 వాట్లంది. 1978లో అదే కంపెనీ ఎస్‌ఎక్స్-1980 తెచ్చి 270 అంది. దాని బరువు సుమారు 35 కిలోలు. మనింటికొచ్చే పాతిక కిలోల బియ్యం బస్తా దాని ముందు చంటిపిల్ల!

మరి అన్ని వాట్లతో చెవికి ఒరిగేదేమిటి? వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సు మాత్రమే. చెవికి రెట్టింపుగా వినిపించాలంటే సుమారు పదిరెట్ల వాట్లు కావాలి. అంటే 35 వాట్ల రిసీవరుకీ, 70 వాట్ల రిసీవరుకీ ధరలో ఉండే తేడా వేరు, వినికిడిలో ఉండే తేడా వేరు. మొదటిది గాజులమ్ముకునేంత, రెండోది కాఫీలో ఇంకో అరచెంచా పంచదార వేసినంత.

అడగవలసింది రిసీవర్ని కాదు, స్పీకర్లని. పాల్ క్లిప్ష్ అనే ఆయన 1946లో గది మూలకి ఆనించే పెద్ద స్పీకరు తెచ్చాడు. దానికి ఒక్క వాటు ఇస్తే చాలు, మీటరు దూరంలో 100 డెసిబెల్సు దాటి మోగుతుంది. అలాంటివి ఇంట్లో ఉన్నవాళ్ళకి పదిహేను వాట్ల రిసీవరే మహారాజు. 1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి పెట్టిన అకౌస్టిక్ రిసెర్చ్ కంపెనీది వేరే దారి. పెట్టెని గాలి చొరకుండా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకున్నారు. దాంతో చిన్న పెట్టెలోంచి లోతైన మంద్రం వచ్చింది. కాని అది వాట్లు తినే పెట్టె. 1967లో వచ్చిన వాళ్ళ ఏఆర్-3ఏ ఆ కోవలోదే. పైగా అది 4 ఓముల స్పీకరు. ఓములు తగ్గినకొద్దీ రిసీవర్లోంచి కరెంటు ఎక్కువ లాగుతుంది. కుళాయి గొట్టం లావైతే ట్యాంకు తొందరగా ఖాళీ అయినట్టు. బలం చాలని రిసీవరు తగిలించి గుండీ చివరిదాకా తిప్పితే, ధ్వని చిట్లి స్పీకర్లోని ట్వీటరు కాలిపోయే ప్రమాదమూ ఉంది. ఎక్కువ వాట్లు దండగ, తక్కువ వాట్లు ప్రమాదం. ఏది ఎక్కువో ఏది తక్కువో చెప్పేది స్పీకరే.

ఇదంతా ఆడదానికెందుకంటారా? అక్కడికే వస్తున్నాను.

ఈ హైఫై ప్రియుల పత్రికల్లో 1980ల నుంచీ ఒక మాట చలామణీలో ఉంది - 'వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్'. అంటే, కొన్న పెట్టెని హాల్లో పెట్టడానికి ఇంటావిడ ఒప్పుకుంటుందా లేదా అన్న లెక్క. ఆవిడకి కళ్ళే తప్ప చెవులుండవన్నమాట! ఆవిడ పని కర్టెన్లకి రంగు కుదిరిందో లేదో చూడటమే!

న్యూజెర్సీలో మా చెల్లెలింట్లో ఏఆర్-3ఏ స్పీకర్లున్నాయి. వాటికి రిసీవరు కోసం పాత సామాన్ల కొట్టుకి ముగ్గురం వెళ్ళాం. "ఇది 4 ఓములకి తట్టుకుంటుందా?" అని చెల్లెలు అడిగింది. కొట్టతను జవాబు మా మరిదికి చెప్పాడు! ఆ తర్వాత చెల్లెలి వైపు తిరిగి, నీలి దీపం వెలిగించి, "ఈ వెలుగు మీకు నచ్చిందా?" అన్నాడు. అది మాత్రం ఆవిణ్ణే అడిగాడు. మరిది మొహమాటపడుతుంటే, "వదినా, పదండి" అనకముందే మేమిద్దరం గుమ్మం దాటాం. చివరికి వేరేచోట అరవై వాట్లది, వెనక రేకు మీద 4 ఓములకి పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉన్నది, ఆ ధరలో సగానికే దొరికింది.

చిన్నప్పుడు వీణ పాఠానికి వెళ్ళి, శ్రుతి వెంట్రుకవాసి తప్పితే మాస్టారి చేత చీవాట్లు తిన్నవాళ్ళం మనలో ఎంతమంది లేరు? ఆ చెవులు పెళ్ళితో పుట్టింట్లో వదిలేసి వచ్చామా?

కాబట్టి మీ ఇంట్లో ఈ వెర్రి మొదలైతే కాఫీలందిస్తూ నిలబడకండి. ముందు స్పీకరు వెనక చీటీ చదవండి, ఎన్ని ఓములో చూడండి. కోను చుట్టూ ఉండే అంచుని చూడండి. ఆ కాలపు స్పీకర్లలో కొన్నింటికి ఫోము అంచులుండేవి, అవి పొడిపొడిగా రాలిపోతాయి. అది బాగుచేయించకుండా ఏ రిసీవరు కొన్నా బూడిదలో పోసిన పన్నీరే. తర్వాత, మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి పట్టుకెళ్ళండి. ఘంటసాల గొంతు ఎలా ఉంటుందో మీకొకరు చెప్పాలా? గుండీ తిప్పినప్పుడు గరగరమంటే భయపడకండి, సాధారణంగా అది దుమ్ము, మందు కొట్టి తుడిస్తే పోతుంది. గుండీ పూర్తిగా తగ్గించినా 'గుమ్‌'మనే మోత ఆగకపోతే మాత్రం లోపల కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. అది ఖర్చు. పాట లేనప్పుడు స్పీకరు తగిలించే చోట కరెంటు దాదాపు సున్నా ఉండాలి. మీటరు పెట్టి చూపించమనండి. పైన పటారం లోన లొటారం అనే సామెత ఈ వెండి మొహాల కోసమే పుట్టిందేమో!

ఇండియాకి తెచ్చుకునేవాళ్ళకి ఇంకో రెండు మాటలు. అమెరికా సెట్టు 120 వోల్టులది, జపానులో అమ్మినది 100 వోల్టులది. మన 230కి నేరుగా తగిలిస్తే పొగే మిగులుతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పదు. జపానులో అమ్మిన ఆనాటి సెట్ల ఎఫ్.ఎం. 76 నుంచి 90 దాకానే. హైదరాబాదు వివిధ భారతి 102.8లో ఉంది. వెయ్యి దీపాలు వెలిగినా అది అందులో పలకదు.

వాట్లు చూసి కొంటారో, వన్నె చూసి కొంటారో వాళ్ళిష్టం అని ఊరుకోవడానికి లేదు. ఆ డబ్బు ఇద్దరిదీ, ఆ హాలు ఇద్దరిదీ. రేపొద్దున్న ఆ పెట్టె ఎదుట కూచుని పాట వినబోయే చెవులు నాలుగు. రెండు చెవులకి నచ్చితే బేరం ముగిసిందనడానికి మనమేం గోడకి తగిలించిన పటాలమా?