నదిని చూచినవారు

ఆస్ట్రేలియాకు దక్షిణమున గల టాస్మేనియా ద్వీపంలో ఫ్రాంక్లిన్ అనే నది ఉన్నది. దారులు లేని వర్షారణ్యంలో ప్రవహించే ఆ నదిని చూడగోరేవారు మార్గదర్శకుల వెంట, గాలి నింపిన రబ్బరు తెప్పలపై ఎనిమిది పది దినాలు ప్రయాణిస్తారు. నీరు తేయాకు కషాయపు వన్నెలో ఉంటుంది. తీరాన పెరిగే హ్యూఆన్ పైన్ వృక్షాలు రెండువేల యేండ్లకు మించి జీవించగలవు. 'గ్రేట్ రవైన్' అనే ఇరుకు లోయలో కొన్నిచోట్ల తెప్పను, సామగ్రిని బండల మీదుగా మోసుకొని దాటవలసినదే. ఎగువన వాన కురిసి వరద పొంగితే మార్గదర్శకుడు ఆగుమంటాడు, ఎంతటివారైనా ఆగవలసినదే.

ఇది ధనవంతుల వినోదమని మేమును మొదట తలచినాము. ఖర్చు చూస్తే ఆ మాటలో అసత్యమూ లేదు. కాని ఆ నది నేటికీ స్వేచ్ఛగా పారుతున్నదంటే, దానిని చూచినవారు ఉండుటయే ఒక ముఖ్య కారణం. అదే ద్వీపంలో పెడ్డర్ సరస్సు 1972లో జలవిద్యుత్ పథకం క్రింద మునిగిపోయింది. పిదప ఫ్రాంక్లిన్ వంతు వచ్చింది. 1976లో బాబ్ బ్రౌన్ అనే వైద్యుడు ఒక మిత్రునితో తెప్పపై ఆ నదిని దాటి, తిరిగి వచ్చి ఆనకట్ట వ్యతిరేకోద్యమానికి నాయకుడైనాడు. 1981లో తీరపు గుహలో త్రవ్వగా సుమారు 20,000 సంవత్సరాల నాటి మానవ నివాస చిహ్నాలు బయల్పడినాయి. 1982 డిసెంబరులో ప్రారంభమైన అడ్డగింపులో పన్నెండు వందల మందికి పైగా అరెస్టయినారు. 1983 జూలై 1న ఆ దేశపు హైకోర్టు నలుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో, ముగ్గురు విభేదించగా, ఆనకట్ట నిలిచిపోయేటట్లు తీర్పు చెప్పింది.

మన విజ్ఞానయాత్రలు ఏటేటా ఆనకట్టల వద్దకే సాగుతున్నాయి. ఆనకట్టలు మనకు అన్నం పెట్టినవే, కాదనము. అయితే పోలవరం జలాశయం పూర్తిగా నిండిన నాడు రూపు మారిపోనున్న పాపికొండల లోయను మనలో చూచినవారు ఎందరు?

కమిటీ పెద్దల సంకోచం మేమెరుగుదుము. 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు వద్ద పడవ మునిగిన విషాదం మరువరానిది. అందుకే ఫ్రాంక్లిన్ మార్గదర్శకుని ప్రస్తావన తెచ్చినాము. నది ఉధృతంగా ఉన్ననాడు పడవ కదలరాదు. లైఫ్ జాకెట్ లేనివారు ఎక్కరాదు. అనుభవజ్ఞుడైన సరంగు వద్దన్నచో అధ్యాపకులు సైతం మారు పలుకరాదు. ఈ నియమాలకు వ్రాతపూర్వకంగా కట్టుబడుటకు విద్యార్థులము సిద్ధము. వచ్చే శీతకాలపు సెలవులలో, వరద తీసిన పిమ్మట, ఒక్క దినము గోదావరిపై గడుపుటకు అనుమతి కోరుతున్నాము.