ఎంగిలి విస్తరిలో టెస్టింగ్

2010 నవంబర్‌లో ఒకరోజు గిట్‌హబ్ ఉన్నట్టుండి పడిపోయింది. ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకునే, పంచుకునే సైట్ అది. హ్యాకర్లు చొరబడలేదు, డిస్కులు చెడిపోలేదు. కోడ్ మారినప్పుడల్లా వాటంతటవే నడిచే టెస్టులు, ఒక సెట్టింగ్ తప్పుగా ఉండడంవల్ల, టెస్ట్ డేటాబేస్ బదులు అసలు డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యాయి. పని మొదలుపెట్టే ముందు పాత డేటాబేస్‌ను తీసేసి కొత్తది కట్టుకోవడం ఆ టెస్టుల పద్ధతి. ఆ రోజూ అదే చేశాయి. జనం వాడుతున్న డేటాబేస్ కాస్తా ఖాళీ అయింది. బ్యాకప్ నుంచి నింపుకుని సైట్‌ను మళ్లీ నిలబెట్టారు.

ఈ కథ విన్నవాళ్లంతా ఒకటే నీతి తీస్తారు, టెస్టులను ప్రొడక్షన్, అంటే జనం వాడే అసలు వ్యవస్థ, దరిదాపులకు రానివ్వకూడదని. నిజమే. కానీ నేను ఇందులో ఇంకో సంగతి కూడా చూస్తాను. సెట్టింగ్ తప్పే గానీ ఆ టెస్టుల అలవాటు మంచిది. పాతది తుడిచి, కొత్తది కట్టి, ఆ తర్వాతే పనిలోకి దిగడం. మన ఆఫీసుల్లో వ్యవహారం తలకిందులుగా ఉంది. ప్రొడక్షన్ చుట్టూ కంచె బాగానే వేసుకున్నాం. తుడిచి మొదలుపెట్టే అలవాటే చేసుకోలేదు.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఈ దృశ్యం చెప్పనక్కర్లేదు. ప్రాజెక్టుకు ఒకటే క్యూఏ డేటాబేస్, అంటే పరీక్షల కోసం పెట్టిన డేటాబేస్, ఉంటుంది. ఎప్పుడో ఎవరో ప్రొడక్షన్ నుంచి డంప్ తెచ్చి పోశారు. అప్పటినుంచి ఆ టీమ్, ఈ టీమ్, మాన్యువల్ టెస్టర్లు, ఆటోమేషన్ వాళ్లు, క్లయింటుకు డెమో చూపించేవాళ్లు అందరూ అందులోనే చెయ్యి పెడుతున్నారు. పొద్దున గ్రూపులో మెసేజ్ వస్తుంది, ఫలానా కస్టమర్ రికార్డును ఈ రోజు ఎవరూ ముట్టుకోవద్దని. మధ్యాహ్నానికి ఎవరో ముట్టుకుంటారు. సాయంత్రం టెస్ట్ ఫెయిలవుతుంది. కోడ్‌లో తప్పుందో, పక్కవాడు డేటా మార్చాడో తేల్చేవాడుండడు. మళ్లీ రన్ చెయ్ అంటారు. ఈసారి పాసవుతుంది. అందరూ ఇంటికి వెళ్లిపోతారు.

ఇందులో పోయేది సమయం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. ఫెయిలైన టెస్టును చూసి మొదట డేటాను అనుమానించడం, ఆ తర్వాత తీరికుంటే కోడ్‌ను అనుమానించడం అలవాటైపోతుంది. అలా కొన్నాళ్లు గడిస్తే నిజమైన తప్పు దొరికిన రోజున కూడా మళ్లీ రన్ చెయ్ అనే అంటారు.

పెళ్లి పందిట్లో బంతి లేచాక ఆకులు తీసేసి, కొత్త విస్తళ్లు వేసి, తరవాతి బంతిని కూర్చోబెడతారు. ముందు కూర్చున్నవాళ్లు ఎంత శుభ్రంగా తిన్నా సరే, వాళ్ల విస్తరిలో ఇంకొకరికి వడ్డించరు. టెస్ట్ డేటాబేస్ విషయంలో నా వాదనంతా ఇంతే. ప్రతి టెస్ట్ రన్‌కూ కొత్త డేటాబేస్ పుట్టాలి, దానికి అవసరమైనంత డేటానే అందులో ఉండాలి, పక్క టెస్టుకు అది కనిపించకూడదు, పని అయిపోగానే పోవాలి. దాచుకోవాల్సిన అవసరం వచ్చిందంటే అది టెస్ట్ డేటాబేస్ కాదు, ఎవరూ బాధ్యత తీసుకోని రెండో ప్రొడక్షన్.

అది చెప్పినంత తేలికా అని అడుగుతారు. ఒకప్పుడు కాదు. డేటాబేస్ ఇన్‌స్టాల్ చేయాలంటే డేటాబేస్‌లు చూసుకునే డీబీఏకు టికెట్ పెట్టి రోజుల తరబడి ఎదురుచూసే కాలంలో, ఉన్నదాన్నే పంచుకోవడం తెలివైన పని. ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో సహా కంటైనర్ అనే పెట్టెలో ఉంచి నడిపే డాకర్ 2013లో వచ్చాక ఆ లెక్క మారింది. పోస్ట్‌గ్రెస్ గానీ మైఎస్‌క్యూఎల్ గానీ ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో ఒక్క కమాండ్‌తో, కొన్ని సెకన్లలో లేస్తుంది. 2015లో రిచర్డ్ నార్త్ జావా వాళ్ల కోసం మొదలుపెట్టిన టెస్ట్‌కంటైనర్స్ అనే లైబ్రరీ ఆ కమాండ్‌ను కూడా టెస్ట్ కోడ్‌లోకే తెచ్చేసింది. టెస్టే డేటాబేస్‌ను లేపుతుంది, ఖాళీగా ఉన్న ఏదో ఒక పోర్టు తీసుకుంటుంది, చివర తీసేస్తుంది. టెస్ట్ మధ్యలో కుప్పకూలిపోతే వెనక మిగిలిన కంటైనర్లను ఏరి పారేయడానికి ర్యూక్ అని ఒక చిన్న కంటైనర్ కాపలా ఉంటుంది. డెత్ నోట్ అనే జపాన్ కామిక్‌లోని మృత్యుదేవత పేరది. పని కూడా అదే.

వేగం కావాలంటే ఉపాయాలున్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో టేబుళ్లన్నీ కట్టిన ఒక డేటాబేస్‌ను అచ్చులా ఉంచుకుని, దాన్నుంచి నకళ్లు తీసుకోవచ్చు. నకలు తీసేటప్పుడు ఆ అచ్చుకు వేరెవరూ కనెక్ట్ అయి ఉండకూడదు, అంతే. జాంగో అయితే టెస్టులను సమాంతరంగా నడిపేటప్పుడు ఒక్కో ప్రాసెస్‌కు ఒక్కో డేటాబేస్ తనే కట్టి ఇస్తుంది. రాసిన ప్రతిదాన్నీ డిస్కుకు చేర్చాకే ముందుకెళ్లాలన్న నియమాన్ని టెస్టుల్లో ఆపేయవచ్చు. కరెంటు పోతే డేటా పాడవుతుంది కదా అంటే, పాడవనివ్వండి. మళ్లీ కట్టుకోగలిగినదానికి అంత రక్షణ దేనికి?

దగ్గరి దారుల దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. ఒకటి, ప్రతి టెస్టునూ ఒక ట్రాన్సాక్షన్‌లో పెట్టి చివర రోల్‌బ్యాక్ చేయడం, అంటే చేసిన మార్పులన్నీ వెనక్కి తీసుకోవడం. చాలావాటికి చాలు, వేగమూ ఎక్కువే. కానీ అసలు జీవితంలో కమిట్ అయ్యాక, అంటే మార్పులు ఖాయమయ్యాక, జరిగే పనులు అక్కడ జరగవు. పోస్ట్‌గ్రెస్‌లో వరుస సంఖ్యలిచ్చే సీక్వెన్సులు రోల్‌బ్యాక్‌తో వెనక్కి రావు. మొదటి రికార్డు నంబరు 1 అని నమ్మి రాసిన టెస్ట్ రెండోసారి ఫెయిలవుతుంది.

రెండోది ఇంకా ప్రమాదం. అసలు డేటాబేస్ ఒరాకిల్, టెస్టులు మాత్రం తేలికని ఎస్‌క్యూలైట్ మీద. మన పేరు ఒకటి తీసుకుని చూద్దాం. వెంకటేశ్వర్లు అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 13 అక్షరాలు, 13 బైట్లు. తెలుగులో రాస్తే గుణింతాలు, పొల్లులతో కలిపి యూనికోడ్ లెక్కలో అవీ 13 గుర్తులే. కానీ యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 39. ఒరాకిల్‌లో పేరు కాలమ్‌ను 30 అని ప్రకటిస్తే, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే అవి 30 బైట్లు. ఇంగ్లిష్ వెంకటేశ్వర్లు పడతాడు, తెలుగు వెంకటేశ్వర్లు పట్టడు, ఎర్రర్ వస్తుంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అక్షరాలను లెక్కిస్తాయి కాబట్టి వాటిలో పడతాడు. ఎస్‌క్యూలైట్ ఆ 30ని అసలు పట్టించుకోదు, ఎంత పొడవు పేరైనా పుచ్చుకుంటుంది. అంటే ఎస్‌క్యూలైట్ మీద పచ్చగా పాసైన టెస్ట్, తెలుగులో దరఖాస్తు నింపిన మొదటి మనిషి దగ్గర బోర్లా పడుతుంది. తాత్కాలికమైనా ఫర్వాలేదు, చిన్నదైనా ఫర్వాలేదు, జాతి మాత్రం అదే అయ్యుండాలి. అదే డేటాబేస్, అదే వెర్షన్.

అన్నిటికీ ఇదే మందని నేననను. హైదరాబాద్ కంపెనీలు చూసే విదేశీ బ్యాంకు ప్రాజెక్టుల్లో మెయిన్‌ఫ్రేమ్‌లున్నాయి. వాటిలో జెడ్ ఓఎస్ మీద నడిచే డీబీ2 డేటాబేస్‌ను కంటైనర్‌లో పెట్టి ల్యాప్‌టాప్‌లో లేపడం కుదరదు. కోట్ల రికార్డుల మీద క్వెరీ ఎంత సేపు పడుతుందో పది రికార్డుల డేటాబేస్ చెప్పలేదు. దానికి మార్పులను మాత్రమే విడిగా దాచుకునే నకళ్ల పద్ధతి ఉంది. జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌ల మీద పెద్ద డేటాబేస్‌కు నకలు క్షణాల్లో తయారవుతుంది, వాడి పారేయవచ్చు. నియాన్ లాంటి క్లౌడ్ డేటాబేస్‌లు దీన్నే బ్రాంచ్ పేరుతో అందిస్తున్నాయి. వీటన్నిటి తర్వాత కూడా, విడుదలకు ముందు ప్రొడక్షన్ అంత వ్యవస్థ మీద ఒకసారి పూర్తిగా పరీక్షించక తప్పదు. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 50 లక్షలకు పైగా కస్టమర్లను కొత్త వ్యవస్థలోకి మార్చినప్పుడు దాదాపు 19 లక్షల మంది తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. ఉన్నవి రెండు డేటా సెంటర్లయితే, భారాన్ని తట్టుకుంటాయా అనే పరీక్షలు ఒక్కదాని మీదే చేశారని విచారణ నివేదిక తేల్చింది. 2022 డిసెంబర్‌లో బ్యాంకుకు పడ్డ జరిమానా 4.86 కోట్ల పౌండ్ల పైమాట. కానీ ఆ చివరి పెద్ద పరీక్షను సాకుగా చూపి, రోజూ చేసే వేలాది చిన్న టెస్టులను ఉమ్మడి డేటాబేస్‌లో కుక్కడం సబబు కాదు.

ఉమ్మడి డేటాబేస్‌లో ఉన్న డేటా ఎవరిదన్న ప్రశ్న వేరే ఉంది. ప్రొడక్షన్ డంప్ అంటే నిజం మనుషుల ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు, జబ్బులు, అప్పులు. ప్రొడక్షన్‌లో వాటిని చూడాలంటే అనుమతులు కావాలి. క్యూఏలో ఆ పాస్‌వర్డ్ అందరి దగ్గరా ఉంటుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, తగిన భద్రత చూపనందుకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. టెస్టింగ్ కోసమే కాబట్టి పర్వాలేదనే మినహాయింపు అందులో లేదు. విదేశీ క్లయింట్ల కోసం ఇక్కడ చూసే డేటాకు చట్టంలో చాలా సడలింపులున్నా, భద్రంగా ఉంచే బాధ్యతకు మాత్రం సడలింపు ఇవ్వలేదు. చట్టం దాకా వెళ్లకముందే, టెస్ట్ మెయిల్ నిజం మనుషులకు చేరి పరువు పోయే దారులూ ఉన్నాయి. 2021 జూన్‌లో స్ట్రీమింగ్ సేవ హెచ్‌బీవో మ్యాక్స్ చందాదారులకు ఇంటిగ్రేషన్ టెస్ట్ ఈమెయిల్ నంబర్ 1 అంటూ ఒక మెయిల్ వెళ్లింది. అందరూ నవ్వుకున్నారు. అదే మెయిల్ ఏ బ్యాంకు నుంచో లోన్ వాయిదా కట్టలేదంటూ వస్తే ఎవరికీ నవ్వు రాదు. కల్పిత మనుషులతో నింపిన టెస్ట్ డేటాబేస్‌లో ఈ రెండు భయాలూ ఉండవు.

సాధనాలు చాలావరకు ఉచితం, ప్రమాదం తెలిసిందే, అయినా మన దగ్గర పద్ధతి ఎందుకు మారదు? డేటా తయారుచేయడం ఎవరి పనీ కాకపోవడంవల్ల. డెవలపర్ అది టెస్టర్ పనంటాడు, టెస్టర్ ఎన్విరాన్‌మెంట్ టీమ్ పనంటాడు, వాళ్లు టికెట్ పెట్టమంటారు. అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసి వచ్చే పిల్లలకు వెబ్ పేజీలను తనంతట తనే నడిపే సెలీనియంతో బటన్ నొక్కడం వస్తుంది. ఆ బటన్ వెనక ఉండాల్సిన డేటాను టెస్ట్ తనే ఎలా తెచ్చుకోవాలో నేర్పే పాఠం మాత్రం వాళ్లకు దొరకడం అరుదు. ఉద్యోగంలో చేరాక వాళ్లకు డేటాబేస్ చూసే హక్కిస్తాం, కట్టే హక్కివ్వం. కోర్సుల వాళ్లు సిలబస్‌లో ఒక్క వారం దీనికిస్తే, ప్రాజెక్టులో చేరిన తొలి నెలలోనే ఆ పిల్లల విలువ పెరుగుతుంది.

డేటాబేస్‌ను శూన్యం నుంచి కట్టగలగడం టెస్టింగ్‌కే కాదు, సంస్థ ప్రాణానికీ అవసరం. 2017 జనవరి 31న గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫైళ్లనే చెరిపేశాడు. సుమారు 300 జీబీలో మిగిలింది నాలుగున్నర. బ్యాకప్ కోసం, ప్రతుల కోసం పెట్టుకున్న ఐదు పద్ధతుల్లో ఒక్కటీ సరిగా పనిచేయడంలేదని అప్పుడు తెలిసింది. బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కలవక, ఎప్పటినుంచో నిశ్శబ్దంగా విఫలమవుతోంది. చివరికి ఆదుకున్నది ఆరు గంటల ముందు స్టేజింగ్ కోసం, అంటే పరీక్షల కోసం తీసిన నకలు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. వాడే నకలు పనిచేసింది, వాడని బ్యాకప్ పనిచేయలేదు. రోజూ కట్టి పారేసే అలవాటున్న టీముకు ఆపదలో కట్టడం కూడా వచ్చి ఉంటుంది.

కాబట్టి మేనేజర్లకు నా విన్నపం ఒకటే. వచ్చే సోమవారం మీటింగులో మీ టీమును ఒక్క ప్రశ్న అడగండి. మన క్యూఏ డేటాబేస్‌ను ఇప్పుడు తీసేస్తే మళ్లీ ఎంతసేపట్లో కట్టగలం? తీసేయొద్దు సార్ అని ఎవరైనా కంగారుపడితే రోగం అక్కడే ఉంది. ఆ జవాబు నిమిషాల్లోకి వచ్చేదాకా ఆ ప్రాజెక్టు టెస్ట్ రిపోర్టులో ఎన్ని పచ్చ గీతలున్నా నేను నమ్మను. మీరూ నమ్మకండి.