చెమట ఆరని చోట పరుగు

అండమాన్‌లో సూర్యుడికి తొందరెక్కువ. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) పది డిగ్రీలు తూర్పున ఉంది. అంటే పొద్దు 40 నిమిషాలు ముందే పొడుస్తుంది. మే నెలలో ఐదింటికే వెలుతురు. ఆఫీసుకు వెళ్లేలోపు 15 కి.మీ. పరుగెత్తాలనుకునే ఉద్యోగికి ఇంతకన్నా ఏం కావాలి? కార్బిన్స్ కోవ్ వైపు సముద్రాన్ని ఒరుసుకుంటూ సాగే రోడ్డు ఉండనే ఉంది.

చిక్కల్లా గాలితోనే. తేమ చాలా రోజులు 80 శాతం దరిదాపుల్లో ఉంటుంది. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడది ఆరదు, ధారగా కారిపోతుంది. వేడి ఒంట్లోనే మిగులుతుంది. పైగా వానలు మే నుంచి డిసెంబరు దాకా. జనవరిలో జరిగే ముంబాయి మారథాన్‌కు సిద్ధమయ్యేవారి సాధనంతా ఈ ఉక్కలోనే. దీవుల్లో 13 శాతం మంది మాతృభాష తెలుగని 2011 జనాభా లెక్కలు చెబుతున్నాయి. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవారికి ఉక్కపోత కొత్త కాదు. అయినా హైదరాబాద్ వేగాన్ని ఇక్కడ ఆశిస్తే ఒళ్లు మొరాయిస్తుంది.

అందుకే వాచీని పక్కనపెట్టండి. కొత్తవారు తొలి రెండు వారాలు దూరం తగ్గించి, పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తాలి. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. దాహమైనప్పుడు తాగండి. అదేపనిగా మంచినీళ్లు పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రాణాంతకమే. తల తిరిగినా, మాట తడబడినా వెంటనే ఆగి నీడకు చేరి, ఒంటి మీద నీళ్లు పోయించుకుని, సాయం పిలవాలి. మారథాన్ ఎక్కడైనా 42.195 కి.మీ.లే. దానికి పట్టే సమయాన్ని మాత్రం ఇక్కడ గాలి నిర్ణయిస్తుంది.