లాటరీ ఫలితము – ప్రమాణ మేది?

లాటరీ టిక్కెట్టు కొనుట వివేకమా యను చర్చ పాతది. ప్రభుత్వమే నడపినను లాటరీకి జూదలక్షణము పోదని 1999 లో సుప్రీముకోర్టు చెప్పియున్నది. ఆ చర్చ నట్లుంచి, నేడు జనులకు మిక్కుటముగ నష్టము గలిగించుచున్న వేఱొక విషయమును విచారింతము. తనకు బహుమానము వచ్చినదో లేదో మనుష్యు డెట్లు తెలిసికొనవలెను? ఎవరిమాట నమ్మవలెను?

ఇందుకు గేరళ లాటరీ తగిన యుదాహరణము. ఆ రాష్ట్రము 1967 లో లాటరీశాఖను స్థాపించి, 1968 జనవరి 26 న మొదటి డ్రా జరిపెను. నాడు టిక్కెట్టు వెల రూపాయి. మొదటి బహుమానము ఏబదివేలు. 2022 నాటి ఓణం బంపరున నది 25 కోట్లకు బెరిగినది.

డ్రా తిరువనంతపురమున బహిరంగముగ జరుగును. సంఖ్యలు వెంటనే నలుదెసల వ్యాపించును. కాని వ్యాపించిన సంఖ్య ప్రమాణము గాదు. కేరళ ప్రభుత్వ గెజెట్టులోని సంఖ్యయే ప్రమాణము. వారపు టిక్కెట్టుపై శ్రేణిని దెలుపు నక్షరములును, ఆరంకెల సంఖ్యయు నుండును. మొదటి బహుమానమునకు రెండును సరిపోవలయును. సంఖ్య కలిసి శ్రేణి వేఱైనచో దక్కునది స్వల్పమైన యూరడింపు బహుమానమే. చిన్న బహుమానములకు జివరి నాలుగంకెలు చాలును. ఈ భేద మెఱుగనివాడు లేని భాగ్యమునకు బొంగిపోవచ్చును. ఉన్న భాగ్యమును జించి పాఱవేయవచ్చును. గడువులోపల నెవరును గోరని సొమ్ము 1998 నాటి లాటరీల చట్టము ననుసరించి ఆ ప్రభుత్వమునకే చెందును. ప్రజల యజ్ఞానమువలన బొక్కసము నిండునప్పుడు, ఫలితములను సుబోధముగ బ్రకటించుట ప్రభుత్వమునకు ధర్మమే గాని దయ కాదు.

ఆంధ్రప్రదేశమునందును, తెలంగాణమునందును ప్రభుత్వ లాటరీలు లేవు. అయినను లాటరీ మోసము మన యిండ్లకు వచ్చుచునే యున్నది. "కౌన్ బనేగా కరోడ్‌పతి" పేరు చెప్పి, మీకు 25 లక్షలు వచ్చినవని ఫోనులకు సందేశములు పంపుచున్నారు. ముందుగ బన్నునకని కొంత, ఖర్చులకని కొంత పంపు మందురు. పంపినకొలది గోరిక పెరుగును. కేరళ టిక్కెట్టులను ఫోనులో నమ్మెద మనువారును గలరు. ఆ ప్రభుత్వమో కాగితపు టిక్కెట్టులనే యమ్మించుచున్నది.

విత్తనము చల్లని పొలమున బంట కోయ బోవు రైతు లేడు. కొనని టిక్కెట్టునకు బహుమానము వచ్చినదనగానే నమ్ము విద్యావంతులు మాత్రము పట్టణములందును గలరు! పదివేలు మించిన నగదు బహుమానమునుండి యాదాయపుపన్నును ఇచ్చువారే మినహాయించుకొందురు. కావున బహుమాన మీయకముందే పన్ను పంపుమని కోరువాడు వంచకు డని నిశ్చయింపవచ్చును. వానితో వాదము వలదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక తత్‌క్షణమే 1930 సంఖ్యకు దెలుపవలయును. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారును.

చేత టిక్కెట్టు, ఎదుట గెజెట్టు – ఈ రెండే సాక్ష్యములు. ఈ చిన్న సూత్రమును బాఠశాలలందును, బ్యాంకులందును, గ్రామ కార్యాలయములందును దెలుగున వ్రాసి యంటించుట మన యుభయ ప్రభుత్వములకు గష్టమైన పని కాదు. దోపిడి జరిగిన పిమ్మట దొంగను వెదకుటకంటె, ముందుగ దలుపు వేయించుట మేలు గదా!