జిల్లా దగ్గరైంది, దస్త్రం దూరమైంది

కొండగట్టు పేరు రాష్ట్రమంతటికీ దాని మీది ఆంజనేయస్వామి ఆలయం వల్ల తెలుసు. భూగోళం దృష్టితో చూస్తే అది ఒక కూడలి కూడా. ఉత్తరాన జగిత్యాల, దాన్ని దాటితే ధర్మపురి వద్ద గోదావరి. పడమటి దిక్కున కోరుట్ల, మెట్‌పల్లి, ఆపై నిజామాబాద్ బాట. దక్షిణాన వేములవాడ, మానేరు ఒడ్డున సిరిసిల్ల. ఆగ్నేయాన కరీంనగర్. ఈ నేల మీద పాలకులు గీసిన గీతలను ఒకసారి లెక్కించి చూడండి. కొండగట్టు మల్యాల మండలంలో ఉంది, మల్యాల జగిత్యాల జిల్లాలో ఉంది. కాని శాసనసభకు అది చొప్పదండి నియోజకవర్గం, లోక్‌సభకు కరీంనగర్. పక్కనే ఉన్న జగిత్యాల, కోరుట్ల వారి ఓటు నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి, ధర్మపురి వారి ఓటు పెద్దపల్లికి. కథలాపూర్, మేడిపల్లి మండలాలు జగిత్యాల కలెక్టరు పాలనలో ఉంటూ వేములవాడ శాసనసభ్యుణ్ణి ఎన్నుకుంటాయి. సిరిసిల్ల జిల్లాలోని బోయినపల్లి చొప్పదండికి పోతుంది. ఒక్క జగిత్యాల జిల్లాకు ముగ్గురు పార్లమెంటు సభ్యులు. ముగ్గురున్న చోట పని చెప్పుకోవడానికి ఒక్కరూ దొరకరన్నది ఇక్కడి సామాన్యుని అనుభవం.

2016 అక్టోబర్ 11న, దసరా రోజున, పాత కరీంనగర్ జిల్లాను విడదీసి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలను ఏర్పరిచారు. ఆ ఏడాది ఆగస్టులో వెలువడిన ముసాయిదాలో సిరిసిల్ల పేరు లేదు. ప్రజలు రోడ్డెక్కిన తర్వాతే దానికి చోటు దక్కింది. చిన్న జిల్లాలను మేము వ్యతిరేకించలేదు, నేడూ వ్యతిరేకించడం లేదు. వాటితో వచ్చిన మేలునూ కాదనము. జగిత్యాలకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. మైనారిటీ గురుకులాల్లో మన ఆడపిల్లలు చదువుతున్నారు. కాని ఇల్లు అలకగానే పండుగ కాదు. హద్దు జరిగినప్పుడు ఆ హద్దులోని మనుషుల హక్కులను నిలబెట్టే కాగితం కూడా జరగాలి. అది జరగలేదన్నదే మా అభియోగం. కాగితం వెనకబడ్డ చోట ముందుగా నష్టపోయేది ఎవరో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు.

ఈ ప్రాంతపు పాలనా చరిత్రను ఎక్కడినుంచి మొదలుపెట్టాలన్న విషయంలోనే ఇప్పుడొక తగాదా నడుస్తోంది. కొందరికి అది 1948 సెప్టెంబర్ 17తో మొదలవుతుంది, అంతకు ముందుదంతా పరాయి పాలన. వారిని మేము ఒక్కటే అడుగుతున్నాము. జిల్లా అన్న మాట ఎవరిది? తహసీల్దారు, జమాబందీ, పహాణీ, దస్తావేజు ఎవరి మాటలు? మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1865 ప్రాంతంలో, జిలాబందీ పేరిట నిజాం రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి తాలూక్‌దార్లను నియమించారు. మన ప్రాంతం ఎలగందుల జిల్లా అయింది. 1905 పునర్విభజనలో కొన్ని తాలూకాలు ఇతర జిల్లాలకు పోయి, మిగిలినది కరీంనగర్ పేరు తీసుకుంది. ఎలగందుల ఖిలేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరిట వచ్చిన పేరు అది. జగిత్యాల, సిరిసిల్ల అప్పటికే తాలూకాలు. జగిత్యాలలోని నక్షత్రాకారపు కోట అంతకు శతాబ్దిన్నర ముందరిది, 1747లో జఫరుద్దౌలా కట్టించినది. ఆ పాలనలోని జులుమును మేము దాచడం లేదు. వెట్టి చేసిన వాడి వీపుకు, వసూలు చేసిన వాడి మతంతో పనిలేదు. ఆ వెట్టి చేసినవారిలో ఊరూరి దూదేకులవారు, పేద ముస్లింలు కూడా ఉన్నారు. అయితే పాలన మంచిదైనా చెడ్డదైనా అది రాసిపెట్టిన రికార్డు మాత్రం ఈ నేలకు చెందిన ప్రతి రైతుదీ.

తాలూకా గీతల విలువ ప్రభుత్వాలకు తెలియదనుకోవద్దు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. పాలేర్లు, చిన్న రైతులు వెట్టికి, దొరల ఆక్రమణలో ఉన్న భూములకు ఎదురుతిరిగారు. నెలా పదిహేను రోజులు తిరగకముందే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఏ ఊరు ఏ తాలూకాలో ఉందో ఆనాడు ఏ అధికారీ తడుముకోలేదు. తడుముకోవడమంతా మన ఖబ్రస్తాన్ సర్వే నంబరు అడిగినప్పుడే.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అంతకు ముందటి ఏడాదే పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఆ రద్దు న్యాయమైనదే, కాని ఊరి లెక్క తెలిసిన మనిషి పోయాడు, లెక్క ఎక్కడికి పోయిందో ఎవరూ విచారించలేదు. 2016లో జిల్లాలు, మండలాలు, రెవెన్యూ డివిజన్లు మళ్లీ మారాయి. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన, 2020లో ధరణి, 2025లో భూభారతి. ప్రతి మార్పులోనూ ఒక గుమాస్తా పాత పేరును కొత్త పేరులోకి ఎక్కించాడు. ఎక్కించనిదీ, తప్పుగా ఎక్కించినదీ ఉండే ఉంటుంది. పట్టాదారు తన గుంటెడు భూమి తప్పిపోతే తహసీలు చుట్టూ తిరిగి తిరిగి సరిచేయించుకుంటాడు. ఊరి చివరి ఖబ్రస్తాన్ తరఫున ఎవరు తిరుగుతారు? అక్కడ ఉన్నవారు లేచి రారు కదా. ధరణి పహాణీ నుంచి అనుభవదారు కాలమును తొలగించినప్పుడు, పట్టా లేకున్నా తరతరాలుగా వాడుకలో ఉన్న స్థలానికి కాగితం మీద మిగిలిన చివరి ఆనవాలు కూడా చెరిగిపోయింది.

వక్ఫ్ గెజిట్లలో ఈ ప్రాంతపు ఆస్తులు పాత చిరునామాతో ఉన్నాయి. కరీంనగర్ జిల్లా, జగిత్యాల తాలూకా, ఊరి పేరు, సర్వే నంబరు. ఆ జిల్లాలో ఇప్పుడు ఆ ఊరు లేదు, ఆ తాలూకాయే లేదు. కొన్నిచోట్ల ఒక పేరుతో రెండు ఊళ్లున్నాయి. ముత్యంపేటనే తీసుకోండి. కొండగట్టు కింద మల్యాల మండలంలో ఒక ముత్యంపేట, మెట్‌పల్లి వైపు మల్లాపూర్ మండలంలో చక్కెర కర్మాగారం ఉన్న ముత్యంపేట మరొకటి, రెండూ ఒకే జిల్లాలో. మండలం పేరు మారితే దస్త్రం ఏ ఊరిదో తేల్చేదెవరు? తేల్చడానికి మూలపత్రాలు చూడాలి. అవి సేత్వార్, వసూల్ బాకీ, ఫైసల్ పట్టీ, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. నిజాం కాలపువి ఉర్దూలో ఉన్నాయి. ఖాస్రా పహాణీ సైతం చాలా ఊళ్లలో ఉర్దూలోనే రాశారు. వాటిని చదవగల ఉద్యోగి తహసీలు కార్యాలయాల్లో కనబడటం అరుదు. 2017 నవంబరులో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేస్తూ శాసనసభ చట్టం చేసింది. మరుసటి ఏడాది ఉర్దూ అధికారుల నియామకాలు జరిగాయి. అప్పుడు చప్పట్లు కొట్టిన మన పెద్దలు కార్యాలయం గుమ్మం మీది ఉర్దూ బోర్డు చూసి తృప్తిపడ్డారు. బోర్డు చదవడానికి వచ్చే ముస్లిం ఎవరూ లేరు. ఖాస్రా పహాణీ చదివించుకోవడానికి వచ్చే రైతులు, అన్ని కులాలవారు, అన్ని మతాలవారు, రోజూ ఉన్నారు. ఉర్దూ ఇక్కడ మతం విషయం కాదు, భూమి విషయం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2025 వక్ఫ్ సవరణ చట్టం ఈ నిర్లక్ష్యాన్ని శిక్షగా మార్చింది. చట్టం అమల్లోకి వచ్చేనాటికి రిజిస్టరు కాని స్థలాన్ని, తరతరాల వాడుక చూపి వక్ఫ్ అనడానికి ఇక వీలులేదు. అంతకన్నా తక్కువగా చర్చకు వచ్చినది మరొకటి ఉంది. వక్ఫ్ ఆస్తులకు కాలపరిమితి చట్టం వర్తించదన్న పాత రక్షణను ఎత్తివేశారు. అంటే 12 ఏళ్లు ఆక్రమణలో ఉన్నవాడు ఆ ఆక్రమణనే హక్కుగా వాదించుకోవచ్చు. 2025 సెప్టెంబర్ 15న సర్వోన్నత న్యాయస్థానం కొన్ని సెక్షన్లను మధ్యంతరంగా నిలిపివేసింది, ఈ రెంటినీ నిలిపివేయలేదు. ఉమీద్ పోర్టల్‌లో ఆస్తుల వివరాలు ఎక్కించేందుకు ఇచ్చిన ఆరు నెలల గడువును పెంచమంటే, ట్రిబ్యునళ్లకు వెళ్లండి అన్నది. పోర్టల్ అడిగేది నేటి జిల్లా, నేటి మండలం. మన చేతిలో ఉన్నది నిన్నటి తాలూకా. ప్రభుత్వమే చిరునామా మార్చి, చిరునామా సరిపోలలేదని ప్రభుత్వమే హక్కు కాదంటే, దాన్ని ఏమనాలో పాఠకులే నిర్ణయించుకోండి.

పొరుగువారితో వైరం పెట్టడానికి ఈ మాట అనడం లేదు. వేములవాడలో రాజరాజేశ్వరుని ఆలయ ప్రాంగణంలోనే దర్గా ఉంది. ఇక్కడి ఊళ్లలో పీరీలను ఎత్తుకునే చేతుల్లో హిందువుల చేతులే ఎక్కువ. ఊరి ఆషూర్‌ఖానా స్థలాన్ని స్థలాల వ్యాపారి మింగితే ఊరంతటికీ నష్టం.

భూమి సంగతి ఇలా ఉండగా, చేతిపనిని నమ్ముకున్నవారి సంగతీ కాగితం దగ్గరే ఆగుతోంది. వరి, మొక్కజొన్న, పసుపు, జగిత్యాల మామిడి అని ఈ జిల్లా ఆర్థికాన్ని వర్ణించే పుస్తకాలున్నాయి. భూమి లేని ముస్లిం ఇంటికి ఆ వర్ణన వర్తించదు. ఆ ఇంట్లో ఆడవారు చాట ముందేసుకుని తునికాకు కత్తిరిస్తారు, మగవాడు దుబాయిలోనో సౌదీలోనో ఉంటాడు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్లల్లో బీడీలు చుట్టేవారు అన్ని కులాల స్త్రీలు. పద్మశాలి ఇంటి అక్కకూ మన ఇంటి ఆపాకూ ఒకే వంగిన వెన్ను, ఒకే దగ్గు. 2017లో బీడీ మీద 28 శాతం జీఎస్టీ వేశారు. ఆ సంవత్సరమే బీడీ కార్మికుల సంక్షేమ సెస్సును రద్దు చేశారు. బీడీ కట్టల మీద వసూలైన ఆ సెస్సు డబ్బుతోనే కార్మికుల దవాఖానాలు, పిల్లల స్కాలర్‌షిప్పులు నడిచేవి. పన్ను పెరిగింది, పన్నులోనుంచి ఆమెకు రావలసిన భాగానికి దిక్కు లేకపోయింది. 2025 సెప్టెంబరులో పన్నును 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించారు, సెస్సు గురించి ఎవరూ నోరెత్తలేదు. పెన్షన్ కావాలంటే పి.ఎఫ్. ఖాతా ఉండాలి. ఆ ఖాతాలో పేరు ఒక అక్షరం తప్పితే, ఆధార్‌లో మరో తీరుగా ఉంటే, సరిచేయించుకోవడానికి పాత జిల్లా కేంద్రానికే పోవాలి. జిల్లా ముక్కలైనా ఆమె బస్సు టికెట్టు ధర తగ్గలేదు.

గల్ఫ్‌లో మరణించిన కార్మికుని కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచి ఉత్తర్వు. 2023 డిసెంబర్ 7 తర్వాతి మరణాలకే అది వర్తిస్తుంది. అంతకు ముందు పెట్టెలో ఇంటికి చేరినవారు ఏ తప్పు చేశారో ఆ ఉత్తర్వులో లేదు. ముత్యంపేట చక్కెర కర్మాగారం మూతపడింది 2015 డిసెంబరులో. 1937లో పుట్టిన నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటు చేతికి ఇచ్చారు, పదమూడేళ్లకు గేటుకు తాళం పడింది. అలాంటి తాళాలే మనవారిని విమానం ఎక్కించాయి. సిరిసిల్ల మరమగ్గాలకు 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరిచ్చినప్పుడు మగ్గం ఆడింది. ప్రభుత్వం కొంటే ఊరు నిలుస్తుందని దాంతోనే రుజువైంది కదా. మరి చెరకు రైతుకూ బీడీ కార్మికురాలికీ ఆ రుజువు ఎందుకు పనికిరాలేదు?

దూరం తగ్గిందంటున్నారు. 2018 సెప్టెంబర్ 11న శనివారంపేట నుంచి జగిత్యాలకు బయలుదేరిన ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు మీద లోయలో పడింది. బస్సులో వందమందికి పైగా ఉన్నారు. 60 మందికి పైగా మరణించారు, ఎక్కువమంది స్త్రీలు. కొత్త జిల్లా ఏర్పడి అప్పటికి రెండేళ్లు కావస్తోంది. జిల్లా కేంద్రానికి పోవడానికి కొడిమ్యాల మండలపు పల్లెలకు దొరికినది ఆ ఒక్క కిక్కిరిసిన బస్సు. దూరాన్ని పటం మీద స్కేలు పెట్టి కొలిచేవారికి ఈ ఒక్క సంగతి చాలు.

మన మస్జిద్ కమిటీలకూ రెండు మాటలు చెప్పాలి. మినారుకు రంగులు వేయించడానికి చందాలు పోగుచేస్తున్నాము, ఏసీలు పెట్టిస్తున్నాము. ఆ మస్జిద్ స్థలం సర్వే నంబరు అడిగితే ముతవల్లీ సాబ్ ఆకాశం చూస్తారు. ఇనాం భూమి కాగితాలు ఫలానా హజ్రత్ ఇంట్లో ఉండేవి, వారు పోయాక ఎక్కడున్నాయో తెలియదు అంటారు. ఇది అల్లాహ్ పేర అప్పగించిన అమానత్. అమానత్ లెక్క అడగడం ముతవల్లీని అవమానించడం కాదు. కమిటీలో యువకులకూ స్త్రీలకూ చోటివ్వండి. డిగ్రీ చదివిన ఆడపిల్ల పోర్టల్‌ను గంటలో నేర్చుకుంటుంది.

ప్రభుత్వాన్ని మేము అడిగేది ఇది. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల వక్ఫ్ జాబితాను నేటి మండలం, నేటి గ్రామం, సర్వే నంబరు వారీగా, పాత తాలూకా పేరును పక్కనే చూపుతూ ప్రకటించాలి. రెవెన్యూ, వక్ఫ్ సిబ్బంది కలిసి హద్దురాళ్లు పాతాలి. ప్రతి రెవెన్యూ డివిజన్‌లో ఉర్దూ దస్త్రం చదివి తెలుగులో ధృవీకరించి ఇచ్చే ఉద్యోగి ఉండాలి. కులగణన లెక్కల్లో బీసీ ముస్లింలు 10.08 శాతమని, ఇతర ముస్లింలు 2.48 శాతమని 2025 ఫిబ్రవరిలో చెప్పారు. రాష్ట్రం మొత్తానికి చెప్పిన ఆ లెక్కను మండలాల వారీగా చెప్పాలి. కోరుట్లలో ఎందరం, సిరిసిల్లలో ఎందరం తెలియకుండా నిధుల్లో మన వాటా ఎంతని ఎలా అడగడం?

అవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. సమాచార హక్కు చట్టం కింద మండల కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము 5 రూపాయలు, జిల్లా కార్యాలయంలో 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. మీ ఊరి ఖాస్రా పహాణీ, సేత్వార్ నకళ్లు అడగండి. ఖబ్రస్తాన్, ఈద్గాహ్, ఆషూర్‌ఖానా, దర్గా పేర్లున్న పంక్తుల కింద గీత గీయండి. మూడు ప్రతులు తీయించి ఒకటి మస్జిద్‌లో, ఒకటి వక్ఫ్ బోర్డుకు, ఒకటి మా కార్యాలయానికి పంపండి. అందిన ప్రతి ఊరి పేరునూ పాత తాలూకా పేరుతో, కొత్త మండలం పేరుతో ఈ పత్రికలో నెల నెలా అచ్చువేస్తాము.